పేరు దాచినంతనే ఇల్లు దాగునా?

నేడు మన కాలనీలో సాయంత్రం వేళ ఏ క్వార్టరు ముందు నిలబడి ఫోను తెరచినా, పది పన్నెండు వైఫై పేర్లు వరుసగా కనబడతాయి. కొన్ని ఇంటర్నెట్ కనెక్షను ఇచ్చినవారు పెట్టి వెళ్ళిన పేర్లు, కొన్ని పిల్లల పేర్లు, మరికొన్ని ఇలవేల్పుల పేర్లు. రెండు మూడు ఇండ్లవారు మాత్రం ఈ వరుసలో కనబడరు. వారి ఇంట వైఫై లేక కాదు. పేరు బయటికి రాకుండా దాచుకున్నారు. కనబడనిదానిని ఎవరూ ముట్టుకొనలేరన్నది వారి ధీమా.

ఈ ధీమా ఎంతవరకు సమంజసమో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ప్రేరణ మా విద్యుత్ నిర్వహణ విభాగంలో పనిచేసే ఒక ఫోర్‌మన్ మిత్రుని ఇంట జరిగిన సంఘటన. వారి అనుమతితో, వారి పేరు చెప్పకుండా, దానిని ఇక్కడ వివరిస్తున్నాము.

బి షిఫ్టులో వచ్చిన ఫోను

ఆ రోజు మిత్రుడు బి షిఫ్టులో ఉన్నారు. రాత్రి ఏడు గంటల ప్రాంతంలో ఇంటి నుండి ఫోను వచ్చింది. "ఏమండీ, ఇంటికి పోలీసులొచ్చారు. మీ పేరు అడుగుతున్నారు. వెంటనే రండి" అని వారి శ్రీమతి కంగారుగా చెప్పారు. షిఫ్టు ఇన్‌ఛార్జి అనుమతి తీసుకొని, చేతికి అంటిన గ్రీజు కూడా సరిగా కడుగుకొనకుండా మిత్రుడు ఇల్లు చేరారు.

విషయం ఇది. పట్టణంలో ఎవరికో కొన్ని బెదిరింపు సందేశాలు వెళ్ళాయి. అవి వెళ్ళిన సమయానికి వాడిన ఇంటర్నెట్ చిరునామా ఎవరిదని విచారించగా, అది మా మిత్రుని పేరిట ఉన్న కనెక్షను అని తేలింది. మిత్రునికి మొదట ఏమీ పాలుపోలేదు. తేరుకొని, తమకు తెలిసిన సమాధానం చెప్పారు. "సార్, మా ఇంటి వైఫై ఎవరికీ కనబడదు. పేరే దాచిపెట్టాం. బయటివాళ్ళు ఎలా వాడతారు?"

వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడే. ఆయన కాసేపు ఊరుకొని, "బయటివాళ్ళు వాడలేరంటే, ఇంట్లోవాళ్ళే వాడారన్నమాటే కదండీ?" అన్నారు.

ఆ ఇంట్లో పాలిటెక్నిక్ చదివే పంతొమ్మిదేండ్ల కుమారుడు ఉన్నాడు. అందరి చూపులూ అతని మీదికి మళ్ళాయి. పరిశీలన కోసం అతని ఫోను తీసుకొని వెళ్ళారు. తండ్రి రెండు సార్లు స్టేషనుకు వెళ్ళి వాంగ్మూలం ఇచ్చి వచ్చారు. మూడు వారాల తరువాత, ఆ సందేశాలు పంపిన ఖాతా ఆ ఇంటితో ఏ సంబంధమూ లేని వేరొకరిదని తేలి వ్యవహారం ముగిసింది. ఫోను తిరిగి వచ్చింది. అయినా ఒకనాడు కాంటీనులో మిత్రుడు మాతో అన్న మాట ఇప్పటికీ మరపునకు రాదు. "వాళ్ళు అడిగారంటే అది వాళ్ళ ఉద్యోగం సార్. ఆ రాత్రి నేను కూడా వాణ్ణి, నిజం చెప్పరా అని అడిగాను."

పేరు దాచడం అన్న చిన్న ఏర్పాటు ఆ ఇంటిని కాపాడలేదు సరికదా, అనుమానాన్ని ఇంటి లోపలికే త్రిప్పింది.

ఇటువంటిది మన దేశంలో ఇదివరకు చాలా పెద్ద ఎత్తున జరిగినదే. 2008 జూలై 26న అహ్మదాబాదులో వరుస బాంబు పేలుళ్ళు జరిగినప్పుడు, వాటికి బాధ్యత ప్రకటిస్తూ పత్రికా కార్యాలయాలకు వెళ్ళిన ఈ-మెయిలు నవీ ముంబయిలోని ఒక ఫ్లాటు నుండి వచ్చినట్లు తేలింది. అక్కడ నివసించే విదేశీయుని వైఫైకి రక్షణ లేకపోవడంతో, దుండగులు దానిని వాడుకున్నారు. ఆ గృహస్థుడు చాలా విచారణను ఎదుర్కొనవలసి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 13న జరిగిన ఢిల్లీ పేలుళ్ళ సందర్భంలో కూడా ముంబయిలోని ఒక వ్యాపార సంస్థ వైఫై ఇదే విధంగా దుర్వినియోగమైంది. 2009 ఆరంభంలో ముంబయి పోలీసులు వీధులలో తిరిగి రక్షణ లేని వైఫైలను గుర్తించే పని చేపట్టారు. అదే ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ కూడా వైఫై భద్రత విషయమై సూచనలు వెలువరించింది. కనుక ఇంట్లో రూటరు పెట్టుకున్న ప్రతివారికీ ఇది సంబంధించిన విషయమే.

పేరు గాలిలోనికి ఎట్లా వస్తుంది?

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీని 2005లో లైసెన్సు అవసరం లేకుండా వాడుకొనుటకు అనుమతించిన తరువాత వైఫై ఇంటింటికీ చేరడానికి మార్గం సుగమమైంది. ఈ తరంగాల దైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. గోడలు వీటిని కొంత బలహీనపరచగలవు గాని, పూర్తిగా ఆపలేవు. మన క్వార్టర్ల తొమ్మిది అంగుళాల ఇటుక గోడ దాటి, వరండా దాటి, రోడ్డు మీదికి కూడా ఇవి చేరుతాయి. ఇంటి హద్దు గోడ దగ్గర ఆగిపోతుంది. వైఫై హద్దు ఆగదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

సముద్రతీరంలో దీపస్తంభం ఓడలకు తన ఉనికిని తెలిపినట్లుగా, రూటరు కూడా తన ఉనికిని నిరంతరం చాటుతూ ఉంటుంది. ఈ చాటింపును బీకన్ అంటారు. సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, అంటే సెకనుకు దాదాపు పది సార్లు, రోజుకు 8,43,750 సార్లు ఈ బీకన్ వెలువడుతుంది. అందులో రూటరు యొక్క యంత్ర చిరునామా, అది పనిచేసే ఛానలు, అది వాడే రక్షణ పద్ధతి మొదలైన వివరాలతో పాటు నెట్‌వర్కు పేరు కూడా ఉంటుంది. ఈ పేరునే ఎస్‌ఎస్‌ఐడి అంటారు. ఇది గరిష్ఠంగా 32 బైట్లు ఉండవచ్చు.

రూటరు అమరికలలో పేరు దాచమని ఆదేశించినప్పుడు జరిగేది చాలా స్వల్పం. బీకన్ ఆగదు. రోజుకు ఎనిమిది లక్షల పైచిలుకు సార్లు యథాప్రకారం వెలువడుతూనే ఉంటుంది. అందులో పేరు వ్రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. యంత్ర చిరునామా, ఛానలు, రక్షణ పద్ధతి అన్నీ మునుపటి వలెనే కనబడుతూ ఉంటాయి. అంటే ఇక్కడ ఒక రూటరు ఉన్నదని, దాని యజమాని పేరు దాచుకున్నాడని, పరికరం గలవానికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక ఇంటిలోని ఫోను ఈ రూటరుతో కలవాలంటే ఏమి చేయాలి? రూటరు తన పేరు చెప్పడం మానివేసింది కనుక, ఫోనే ముందుగా పిలవవలసి వస్తుంది. "ఫలానా పేరు గలవారు ఇక్కడ ఉన్నారా?" అని వెదుకులాట సందేశం పంపుతుంది. రూటరు "ఉన్నాను" అని అదే పేరుతో జవాబిస్తుంది. ఆపైన ఫోను చేరిక కోసం అభ్యర్థన పంపుతుంది. అందులోనూ పేరు ఉంటుంది. ఈ మూడు సందేశాలూ గూఢలిపిలోనికి మార్చకుండా, అందరికీ వినబడేటట్లుగానే గాలిలో ప్రయాణిస్తాయి. పాస్‌వర్డు ద్వారా రక్షణ మొదలయ్యేది ఆ తరువాతనే.

కాబట్టి పేరు దాచడం అంటే రూటరు నోరు మూసి, ఫోను చేత అరిపించడమే.

వరండాలో ఒక ప్రయోగం

పోలీసు వ్యవహారం ముగిసిన తరువాత, ఒక ఆదివారం మిత్రుడు మమ్ములను తమ ఇంటికి పిలిచారు. "అసలు ఎక్కడ తప్పు జరిగిందో మా కళ్ళకు చూపించండి సార్" అని కోరారు. లోనికి వచ్చినది ఎవరన్నది పోలీసుల పని. తలుపు ఎట్లా తెరచి ఉన్నదన్నది ఇంజనీరు పని. మా ల్యాప్‌టాపును, ఒక చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టరును తీసుకొని వెళ్ళాము. వైర్‌షార్క్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. చుట్టుప్రక్కల గాలిలో వెళ్ళే సందేశాలను అది తెర మీద వరుసగా చూపుతుంది.

వరండాలో కుర్చీలు వేసుకొని కూర్చున్నాము. తెర మీద ప్రక్క క్వార్టర్ల పేర్ల నడుమ ఒకచోట పేరు స్థానం ఖాళీగా ఉన్న బీకన్ కనబడింది. సంకేత బలం చూడగానే అది గోడ అవతల ఉన్న రూటరే అని తెలిసింది. మిత్రుడు, "చూశారా, పేరు లేదు" అన్నారు. మేము ఏమీ అనలేదు. వారి శ్రీమతి ఇచ్చిన కాఫీ త్రాగుతూ ఉండగా, కుమారుడు బజారు నుండి సైకిలు మీద తిరిగి వచ్చాడు. గేటు దాటి ఇంకా స్టాండు వేయలేదు. అతని జేబులోని ఫోను రూటరును పిలిచింది, రూటరు పలికింది. మరుక్షణంలో తెర మీది ఖాళీ స్థానంలో పేరు ప్రత్యక్షమైంది. అది వారి అమ్మాయి ముద్దుపేరు. అదే పేరు మిత్రుని స్కూటరు ముందుభాగంలో ఎర్రని రంగుతో వ్రాసి ఉన్నది.

మేము చేసినది వినడం మాత్రమే. ఎవరి తాళమూ పగులగొట్టలేదు. అది కూడా ఇంటి యజమాని ప్రక్కన కూర్చొని, ఆయన కోరిక మీద చేసిన పని. పరుల నెట్‌వర్కుల మీద ఇటువంటి ప్రయోగాలు చేయరాదని యువ పాఠకులకు ప్రత్యేకంగా మనవి.

అప్పుడు పాస్‌వర్డు ఏమిటని అడిగాము. మిత్రుడు కొంచెం తటపటాయించి చెప్పారు. అది వారి మొబైలు నంబరు. ఆ నంబరు మా విభాగం నోటీసు బోర్డు మీద, అత్యవసర సంప్రదింపుల జాబితాలో, మూడవ వరుసలో ఉన్నది.

"పేరు దాచాం కదా, పాస్‌వర్డు గుర్తుండేదైతే చాలనుకున్నాను సార్" అన్నారు.

మా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి మూలం ఆ ఒక్క వాక్యమే. పేరు దాచడంలో కలిగే పెద్ద నష్టం సాంకేతికమైనది కాదు. అది మనకు ఒక తృప్తిని కలిగించి, నిజమైన తాళం విషయంలో ఏమరుపాటు తెస్తుంది.

ఇది పాత పాఠమే

పేరునే రహస్యంగా వాడుకొనే ప్రయత్నం వైఫై తొలినాళ్ళలోనే జరిగింది. వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. ఆ తరువాత కొన్ని సంస్థలు పేరు తెలిసినవారినే చేర్చుకొనే మూసిన నెట్‌వర్కు అనే సదుపాయాన్ని తమ పరికరాలలో చేర్చాయి. 2001 మార్చిలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోని విలియం ఆర్బా, ఆయన సహచరులు దీనిని పరిశీలించి, రహస్యమనుకున్న పేరు సందేశాలలో బహిరంగంగానే ప్రయాణిస్తున్నదని వెల్లడించారు. అంటే పాతికేండ్ల నాడే తేలిపోయిన విషయం నేటికీ మన కాలనీలో రక్షణ ఉపాయంగా చలామణీ అవుతున్నది.

ఇంకా వెనుకకు వెళితే, 1883లో ఆగస్టు కెర్కాఫ్ అనే భాషావేత్త సైనిక గూఢలిపి గురించి వ్రాస్తూ ఒక సూత్రం ప్రతిపాదించారు. దాని సారాంశం ఇది: ఒక రక్షణ పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం లేకుండా ఉండాలి, రహస్యంగా ఉండవలసినది తాళపుచెవి మాత్రమే. సమాచార సిద్ధాంత పితామహుడైన క్లాడ్ షానన్ 1949లో ఇదే భావాన్ని మరింత క్లుప్తంగా చెప్పారు. పద్ధతి శత్రువుకు తెలుసుననుకొనే మన పని మనం చేసుకోవాలన్నది ఆయన అభిప్రాయం. మన స్టోర్సు గది ఎక్కడ ఉన్నదో అందరికీ తెలుసు. అది భద్రంగా ఉన్నది గది జాడ తెలియక కాదు, తాళం గట్టిది కనుక.

దాచడం వలన అదనపు చిక్కులు

మేలు లేకపోయినా కీడు లేదు కదా, ఉంటే ఉండనిమ్మని కొందరు అనవచ్చు. కీడు కూడా ఉన్నది.

దాచిన పేరు గల నెట్‌వర్కును ఫోనులో నమోదు చేసినప్పుడు, అది ఎక్కడ ఉన్నా ఆ పేరు పెట్టి పిలిచే అవకాశం ఉన్నది. ఇంటి వద్దనే కాదు, రైల్వే స్టేషనులో, ఆసుపత్రిలో, పెండ్లి మండపంలో కూడా. ఇంటికి నంబరు పలక తీసివేసిన గృహస్థుడు తన పిల్లవాణ్ణి వీధివీధికీ పంపి "మా ఇల్లు ఇక్కడ ఉన్నదా?" అని కేకలు వేయించినట్లుగా ఉంటుంది ఈ వ్యవహారం. ప్రపంచమంతటి వైఫై పేర్లను, అవి ఉన్న స్థలాలతో సహా నమోదు చేసే విగిల్ అనే బహిరంగ జాబితా 2001 నుండి నడుస్తున్నది. పేరు అరుదైనదైతే, స్టేషనులో వినబడిన పేరును బట్టి ఇల్లు ఏ వీధిలో ఉన్నదో కూడా తెలిసికొనవచ్చు.

మన ఫోన్లు యజమాని జాడ తెలియకుండా ఉండేందుకు తమ యంత్ర చిరునామాను మార్చి చూపుతున్నాయి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుండి ఇది మామూలు అమరిక అయింది. కాని చిరునామా మార్చుకున్న ఫోను మన ఇంటి పేరు పెట్టి పిలుస్తూ ఉంటే, వేషం మార్చినా గొంతు మార్చనట్లే అవుతుంది. అంతేగాక, ఆ పిలుపు విన్న దుండగుడు తన పరికరంతో అదే పేరుకు పలికి, ఫోనును సంభాషణలోనికి దింపి, పాస్‌వర్డును ఊహించడానికి కావలసిన ముడిసరుకు సంపాదించవచ్చు. మన ఇంటి దరిదాపులకు రావలసిన పని కూడా లేదు.

ఈ కారణాల చేతనే మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ విస్టా కాలంలోనే పేరు దాచడాన్ని భద్రతా ఉపాయంగా వాడవద్దని తెలిపింది. ఆపిల్ సంస్థ కూడా తన రూటరు సూచనలలో, పేరు దాచడం వలన నెట్‌వర్కు మరుగున పడదని, అనధికార ప్రవేశం ఆగదని స్పష్టంగా పేర్కొన్నది. ఐఫోను అయితే అటువంటి నెట్‌వర్కుకు కలిసినప్పుడు గోప్యత గురించి హెచ్చరిక చూపుతుంది.

అసలు తాళం ఎక్కడ ఉన్నది?

వైఫైకి తొలి తాళం డబ్ల్యూఈపీ. దాని లోపాన్ని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు దానిని ఒక్క నిమిషం లోపలే తెరచి చూపారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. నేడు మన ఇండ్లలో ఎక్కువగా ఉన్నది డబ్ల్యూపీఏ2.

డబ్ల్యూపీఏ2 పద్ధతిలో మనం ఇచ్చిన పాస్‌వర్డును నేరుగా వాడరు. దానికి నెట్‌వర్కు పేరును కలిపి, 4,096 సార్లు గణిత ప్రక్రియకు లోనుచేసి, 256 బిట్ల తాళపుచెవిని తయారు చేస్తారు. ఇక్కడ పేరు చేసే పనిని గూఢలిపి శాస్త్రంలో ఉప్పు అంటారు. ఒకే బియ్యం, ఒకే పప్పు అయినా ఉప్పు పాలు మారితే రుచి మారినట్లు, ఒకే పాస్‌వర్డు వాడినా పేరు వేరైతే తాళపుచెవి వేరవుతుంది. అందరూ ఒకే పేరు వాడితే దుండగుని పని తేలికవుతుంది. పూర్వం కొందరు అతి సాధారణమైన వెయ్యి పేర్లకు ముందుగానే లెక్కలు కట్టి పట్టికలు తయారు చేసి ఉంచారు. కనుక పేరు విషయంలో మనం చేయవలసిన పని దాచడం కాదు. ఇతరులకు లేని పేరు పెట్టుకొనడం.

ఇక పాస్‌వర్డు లెక్క చూద్దాం. ఫోను రూటరుతో కలిసే క్షణంలో నడిచే సందేశాలను ఒకసారి పట్టుకున్నవాడు, తన ఇంట కూర్చొని ఒక్కొక్క పాస్‌వర్డునే ప్రయత్నించి చూడవచ్చు. వీడియో ఆటల కోసం అమ్మే మంచి గ్రాఫిక్ కార్డు ఈ పనిని సెకనుకు ఐదు లక్షల సార్లు చేయగలదనుకుందాం. నేటి కార్డులకు ఇది అతిశయోక్తి కాదు.

మన దేశపు మొబైలు నంబర్లు 6, 7, 8, 9 అంకెలలో ఒకదానితో మొదలై పది అంకెలు ఉంటాయి. మొత్తం 400 కోట్ల అవకాశాలు. పై వేగంతో అన్నిటినీ ప్రయత్నించడానికి 8,000 సెకన్లు, అంటే రెండు గంటల పదమూడు నిమిషాలు చాలు. ఒక సినిమా చూసే సమయం కంటే తక్కువ. ఎనిమిది చిన్న ఆంగ్ల అక్షరాలను ఎట్లా కలిపినా, ఐదు రోజుల లోపల అన్నీ అయిపోతాయి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, దేవుళ్ళ పేర్ల చివర 123 చేర్చడం వంటివి నిమిషాలలో తేలే వ్యవహారం.

దీనికి ప్రత్యామ్నాయం కష్టమైనదేమీ కాదు. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 7,776 మాటల జాబితా ఒకటి రూపొందించారు. పాచికను ఐదు సార్లు వేసి, పడిన అంకెలను బట్టి జాబితాలో ఒక మాట తీసుకొనాలి. మన వైకుంఠపాళి పాచిక ఇందుకు చక్కగా సరిపోతుంది. ఇట్లా నాలుగు మాటలు కూర్చితే, పై వేగంతో అన్నీ ప్రయత్నించడానికి సుమారు 232 సంవత్సరాలు పడుతుంది. ఐదు మాటలైతే దాదాపు పద్దెనిమిది లక్షల సంవత్సరాలు. దుండగుడు వెయ్యి కార్డులు సమకూర్చుకున్నా, నాలుగు మాటలు మూడు నెలలలో లొంగిపోవచ్చు గాని, ఐదు మాటలకు పద్దెనిమిది వందల ఏండ్లు ఆగాలి. ఒక్క మాట చేర్చడంతో ఇంత తేడా.

జాబితా దొరకనివారు ఇంటిలోని తెలుగు నిఘంటువును కన్నులు మూసి ఐదు చోట్ల తెరచి, వేలు పడిన మాటలను ఆంగ్ల లిపిలో వ్రాసుకొనవచ్చు. పాచికలంత కచ్చితం కాకపోయినా మొబైలు నంబరు కంటే ఎన్నో రెట్లు మేలు. మాటల నడుమ అర్థం కుదరకపోవడమే ఇందులోని బలం. సామెతలు, సినిమా పాటల పల్లవులు మాత్రం వద్దు. అవి మనకే కాదు, అందరికీ కంఠస్థమే.

డబ్ల్యూపీఏ3 పద్ధతిలో, సందేశాలను పట్టుకొని ఇంట కూర్చొని ప్రయత్నించే ఈ వెసులుబాటు దుండగునికి ఉండదు. ప్రతి ప్రయత్నానికీ రూటరును నేరుగా పలకరించవలసిందే. కనుక పరికరాలు సహకరించినచోట దానిని ఎంచుకొనడం ఉత్తమం.

ఇంటింటా చేయవలసినవి

1. రూటరులో డబ్ల్యూపీఏ3 ఉంటే దానిని, పాత ఫోన్లు, కెమెరాలు కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన అమరికను ఎంచుకొనాలి. డబ్ల్యూఈపీ మాత్రమే ఉన్న రూటరును మార్చివేయాలి.

2. పాస్‌వర్డు ఐదు పొంతన లేని మాటలతో ఉండాలి. 63 అక్షరాల వరకు అనుమతి ఉన్నది. కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టుకున్నా దోషం లేదు. వీధిలోని దుండగుడు బీరువా తెరవలేడు.

3. నెట్‌వర్కు పేరు కనబడనివ్వండి. కాని అందులో మన పేరు, క్వార్టరు నంబరు, రూటరు తయారుచేసిన సంస్థ పేరు ఉండరాదు.

4. రూటరు అమరికలలోనికి ప్రవేశించే పాస్‌వర్డు వేరు, వైఫై పాస్‌వర్డు వేరు. మొదటిది తయారీదారు పెట్టినదే చాలా ఇండ్లలో ఇప్పటికీ ఉన్నది. వెంటనే మార్చాలి.

5. బటను లేదా ఎనిమిది అంకెల పిన్నుతో కలిపే డబ్ల్యూపీఎస్ సదుపాయాన్ని ఆపివేయాలి. ఆ పిన్నును రెండు ముక్కలుగా సరిచూసే లోపం వలన, కోటి అవకాశాలు కేవలం 11,000కు కుదించుకుపోతాయని 2011లో స్టెఫాన్ ఫీబాక్ అనే పరిశోధకుడు నిరూపించారు.

6. బంధుమిత్రుల కోసం అతిథి నెట్‌వర్కు వేరుగా పెట్టాలి. పండుగకు వచ్చినవారు వెళ్ళిన తరువాత దాని పాస్‌వర్డు మార్చవచ్చు.

7. రూటరు సాఫ్ట్‌వేరును కాలానుగుణంగా నవీకరించాలి.

8. బదిలీ మీద గాని, పదవీ విరమణ చేసి గాని క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు కరెంటు మీటరు రీడింగుతో పాటు ఇంటర్నెట్ కనెక్షనును కూడా మన పేరు నుండి తీయించాలి. రూటరును ఇతరులకు ఇచ్చేముందు తొలి స్థితికి తేవాలి.

ఎవరైనా మన కనెక్షనును దుర్వినియోగం చేశారన్న అనుమానం కలిగితే సంకోచించక జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫిర్యాదు చేయాలి. ముందుగా మనమే చెప్పడం, తరువాత అడిగించుకొనడం కంటే ఎప్పుడూ మంచిది.

నేమ్‌ప్లేటు, తాళం

మన సబ్‌స్టేషనులో పనిచేసే ప్రతివారికీ తెలిసిన ఉదాహరణతో ముగిస్తాము. ఒక ఫీడరు మీద పని చేయవలసి వచ్చినప్పుడు మనం బ్రేకరు ట్రిప్ చేసి, ఐసొలేటరు తెరచి, ఎర్తింగు చేసి, తాళం వేసి, హెచ్చరిక పలక తగిలించి, పర్మిట్ తీసుకున్న తరువాతనే చేయి పెడతాము. వీటికి బదులుగా ప్యానెలు మీది నేమ్‌ప్లేటు విప్పి జేబులో వేసుకొని, "ఇక ఏ ఫీడరో ఎవరికీ తెలియదు, భయం లేదు" అనేవాణ్ణి మనం ఆ ఆవరణలోనికే రానివ్వము. నేమ్‌ప్లేటు తీసినంత మాత్రాన వోల్టేజి పోదు. పైగా తెలియక చేయి పెట్టేవాడికి ప్రమాదం పెరుగుతుంది. ప్లాంటులో ఇంత జాగ్రత్తగా ఉండే మనమే ఇంటికి వచ్చాక నేమ్‌ప్లేటు విప్పి నిశ్చింతగా నిద్రపోతున్నాము.

ఆ ఆదివారం సాయంత్రం మిత్రుని ఇంట పాచిక వేసినది వారి కుమారుడే. ఇరవై ఐదు సార్లు వేశాడు. పడిన అంకెలను వారి అమ్మాయి కాగితం మీద వ్రాసింది. ఐదు మాటలు వచ్చాయి. ఒకదానికొకటి ఏ పొంతనా లేదు. కొత్త పాస్‌వర్డు రూటరులో ఎక్కించే పని తండ్రి తాను చేయక, "నువ్వే పెట్టరా. ఇకమీదట ఇది చూసుకొనే బాధ్యత నీది" అని కుమారునికి అప్పగించారు. అతడు తల వంచుకొని కొంతసేపు టైపు చేస్తూ కూర్చున్నాడు. చివరిగా పేరు దాచే అమరిక దగ్గర ఆగి, తండ్రి వైపు చూశాడు.

"తీసెయ్యరా" అన్నారు మిత్రుడు.

ఇప్పుడు ఆ ఇంటి వైఫై పేరు మన కాలనీలో అందరికీ కనబడుతున్నది.